మెంతులు మింగి మంచాన కూర్చుంటే

మా వీధిలో ఎవరింటికి వెళ్లినా ఇప్పుడు గింజల పొడి డబ్బా కనిపిస్తోంది. మెంతులు, నేరేడు గింజలు, అవిసెలు, నల్ల జీలకర్ర కలిపి కొట్టిన పొడి. వందలు పోసి తెప్పించుకుంటారు. పొద్దున్నే ఒక చెంచాడు గోరువెచ్చని నీళ్లలో కలుపుకుని తాగేసి, టీవీ ముందు కూలబడతారు. షుగర్‌కు మంచిదట, గుండెకు మంచిదట. మధ్యాహ్నం దాకా లేవరు. చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా రోజుల్లో మెంతులు అన్నంతోపాటే కడుపులోకి పోయేవి. ఆవకాయలో మెంతులు, మెంతికాయలో మెంతిపిండి, మజ్జిగపులుసు పోపులో మెంతులు, దోసెల పప్పులో ఓ గుప్పెడు. ఎండాకాలం వస్తే మా నాయనమ్మ రాత్రిపూట మజ్జిగలో మెంతులు నానేసేది. తెల్లారేసరికి అవి ఉబ్బి, చుట్టూ జిగురు పట్టి, చెంచాతో ఎత్తితే తీగలు సాగేవి. పిల్లలం ముక్కు మూసుకుని మింగేవాళ్లం. అసలు సంగతంతా ఆ జిగురులోనే ఉంది. గాలక్టోమన్నన్ అనే పీచు అది. పేగుల్లో తిండిని పట్టి ఉంచి, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కకుండా ఆపుతుంది. పైత్యరసాన్ని కూడా కొంత బయటికి లాక్కుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. గుండెకు దక్కే మేలు అదీ.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు దీన్ని తూచి మరీ చూశారు. ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్, ఎన్. సుధాకర్ రావు 1990లో అచ్చువేసిన పరిశోధనలో, ఇన్సులిన్ మీద బతుకుతున్న మధుమేహ రోగులకు నూనె తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు పెట్టారు. మధ్యాహ్నం భోజనంలో సగం, రాత్రి భోజనంలో సగం, 10 రోజులు. పరగడుపు చక్కెర తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. చెడ్డ కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కూడా దిగాయి. 100 గ్రాములండీ, అదీ భోజనంలో కలిపి! మన చెంచాడు పొడి దాని ముందు ఏపాటి?

సరే, గింజ సంగతి అలా ఉంచండి. ఆ మెంతులు తిన్న మా నాయనమ్మ ఆ తర్వాత ఏం చేసేది? చేదబావిలో పది కడవలు తోడేది, చల్ల చిలికేది, రోకలి కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంటూ వడ్లు దంచేది. పనిచేసే కండరానికో గుణం ఉంది. ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టేదాకా ఆగదు, రక్తంలోని చక్కెరను తనంతట తాను లాక్కుంటుంది. ఇప్పుడు నీళ్లకు మోటారు, పిండికి గ్రైండరు, వీధి చివర పాల ప్యాకెట్టుకు స్కూటరు. కోడలేమో “మీ రోజులు వేరు మామయ్యా” అంటుంది. రోజులు మారితే మారాయమ్మా, కండరం మారలేదు కదా!

ఇరాన్ పరిశోధకులు కొందరు షుగర్ తెప్పించిన ఎలుకలకు మెంతి గింజల సారం పట్టి, ఈత కొట్టించి, వాటి గుండెలోని రక్షక ఎంజైములను పరీక్షించారు. గింజా ఈతా కలిసిన చోటే మేలు ఎక్కువగా కనబడింది. ఎలుక ఎలుకే, మనిషి మనిషే, ఒప్పుకుంటాను. మనుషుల మాటే కావాలంటే మదరాసు వాళ్ల పరిశోధన ఉంది, 2006 నాటిది. షుగర్ అంచున ఉన్న 531 మందిలో, తిండి దిద్దుకుని రోజూ నడిచినవాళ్లకు జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ బిళ్ల ఇచ్చినవాళ్లలో తగ్గింది 26.4 శాతం.

అలాగని బిళ్లలు పారేయమనడం లేదు. పొడి మొదలుపెట్టాం కదా అని మందులు మానేసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు గుండె జబ్బు ముప్పు రెండు మూడు రెట్లు, ఆడవాళ్లకు మరీ ఎక్కువ. పైగా నరాలు మొద్దుబారితే గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. మా పెదనాన్న ఓ తెల్లవారుజామున చెమటలు పడుతున్నాయని, ఆయాసంగా ఉందని అన్నాడు. ఛాతీలో నొప్పి లేదన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి విసిరాం. గంటలో పోయాడు. ఆయనకు షుగర్ ఉందని ఊరంతటికీ తెలుసు, అది గుండెపోటని ఒక్కరికీ తెలియలేదు. ఇంకో మాట. బిళ్లలతోపాటు మెంతులు ఎక్కువగా పడితే చక్కెర మరీ పడిపోవచ్చు. రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లకూ జాగ్రత్త అవసరం. ఏ గింజ ఎంత తింటున్నారో డాక్టరు చెవిన వేయాలి.

ఆ డాక్టరు రోజూ అరగంట నడవమని చీటీ రాసిస్తాడు. ఎక్కడ నడవాలి? మా కాలవగట్టు తారురోడ్డయింది. అంచున తోపుడు బళ్లు, టీకొట్లు, మిగిలిన మూరెడు చోట మోటారు సైకిళ్లు. ఊళ్లో ఉన్న ఒక్క మైదానమూ బడిది, బడి వదలగానే గేటుకు తాళం. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా, సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఆ తాళం తీయమని అర్జీ పెట్టుకున్నాం. జవాబు రాలేదు. మళ్లీ పెడుతున్నాం. ఈసారి ముందు మా వీధి ఆడవాళ్ల చేత సంతకాలు పెట్టిస్తున్నాను. ఆ మైదానం వాళ్లకే ఎక్కువ అవసరం.