70 రూపాయల పథ్యం

బరువు తగ్గాలంటే ఈ రోజుల్లో ముందు తగ్గాల్సింది జేబు బరువు. పొద్దున ఓట్స్, పదకొండింటికి నానబెట్టిన బాదం, మధ్యాహ్నం క్వినోవా, జిమ్ముకెళ్లే ముందు ప్రొటీన్ బారు, వచ్చాక వే పౌడరు, రాత్రికి అవకాడో. ఫోన్లో కనబడే డైట్ గురువులు చెప్పే పథ్యం అటూ ఇటుగా ఇదే. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్ల డైట్ ఛార్జీలు 40 శాతం పెంచితే, ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవాళ్లకు నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. అంటే రోజుకు 70 రూపాయలు. టిఫిను, రెండు పూటల భోజనం అన్నీ అందులోనే సర్దుకోవాలి. మంచి ప్రొటీన్ బారు ఒక్కటి కొన్నా ఇంచుమించు అంతే అవుతుంది. కాబట్టి గురువుగారి మాట వినదలచిన విద్యార్థి పొద్దున బారు తిని, మర్నాటి దాకా దాన్నే తలుచుకుంటూ కూర్చోవాలి. బరువు మాత్రం ఖాయంగా తగ్గుతాడు.

ఆరోగ్యం ఖరీదైన సరుకనే ప్రచారం వీధి చివర కిరాణా కొట్టు ముందు నిలబడదు. వంద గ్రాముల ఓట్స్‌లో ప్రొటీన్ సుమారు 13 గ్రాములు. పెసల్లో 24, మీల్ మేకర్‌లో 50 పైమాటే. గుడ్డు ఒక్కటి 75 కేలరీల లోపే 6 గ్రాములిస్తుంది. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములు దాటుతుంది. అయినా పెసలకు బ్రాండ్ అంబాసిడర్ లేడు, తోటకూర కట్టకు డిస్కౌంట్ కూపన్ లేదు. వాటిని ఎవరూ సూపర్ ఫుడ్ అనకపోవడమే మన అదృష్టం. కొర్రల్ని అలా అన్నారు, ఏమైందో చూడండి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైంది, కొర్రల కిలో ధర మాత్రం బియ్యానికి అందనంత ఎత్తున కూర్చుంది. రాయలసీమలో పేదింటి తిండిగా బతికిన రాగి సంగటి ఏసీ హోటల్లో నాటుకోడి పక్కన కులుకుతోంది. ఇక డబ్బాల సంగతి. 2024లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు ‘హెల్త్ డ్రింక్’ అనే విభాగంలోంచి పానీయాలు తీసేయమని చెప్పింది, ఆహార భద్రతా చట్టంలో అలాంటి నిర్వచనమే లేదు గనుక. ఇన్నాళ్లూ పాలల్లో చెంచాలకొద్దీ కలిపి తాగిన ఆరోగ్యానికి చట్టంలో చిరునామా లేదన్నమాట!

చవక తిండి అంత గొప్పదైతే హైదరాబాద్‌లోని అమీర్‌పేట, అశోక్‌నగర్ హాస్టళ్లలో కుర్రాళ్లకు పాతికేళ్లకే పొట్టలెందుకు వస్తున్నాయని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మెస్సు కంచంలో ఉంది. గుండిగలోంచి హస్తంతో అన్నం గుట్టగా పడుతుంది. దాని మీద పప్పు అనే పసుపు నీళ్లు, పక్కన ఆలూ వేపుడు, మూలన ఆవకాయ. అంటే అన్నంలోకి నంజుకోవడానికి మళ్లీ పిండిపదార్థమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదు. 2,000 కేలరీల భోజనంలో రోజుకు పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. తార్నాక నుంచి అమీర్‌పేటకు మెట్రో ఉంది గానీ ఈ లెక్క మాత్రం ఇంకా రైలెక్కలేదు. మెస్సు ఓనర్ని తిట్టి లాభం లేదు. కడుపు నింపడానికి బియ్యాన్ని మించిన చవక సరుకు లేదు, కందిపప్పు కిలో దానికి రెట్టింపు పలుకుతుంది. పప్పులో గరిటె నిలబడితే ఓనరు కూలబడతాడు. అతను కాస్త తెలివైనవాడైతే కందిపప్పు బదులు వారానికి మూడు రోజులు పెసరపప్పులో తోటకూరో బచ్చలికూరో వేస్తాడు, ఆలూ వేపుడు స్థానంలో దొండకాయో బీరకాయో పెడతాడు. అన్నం గుట్ట దానంతటదే కరుగుతుంది.

అంతకన్నా సులువు, తిండి మానేస్తే పోదా, డబ్బూ మిగులుతుంది, ఒళ్లూ తగ్గుతుంది అనే మేధావులు ప్రతి హాస్టల్లో ఒకరిద్దరుంటారు. పొద్దున ఇడ్లీ మానేసినవాడు సాయంత్రం ఐదింటికి బజ్జీల బండి దగ్గర దొరుకుతాడు. నూనె గ్రాముకు 9 కేలరీలు, బజ్జీ అందులో మునిగి తేలిన జీవి. మిగిలిందనుకున్న డబ్బూ తగ్గిందనుకున్న ఒళ్లూ అక్కడే లెక్క సరిపోతాయి. పల్లీలు మంచివని పావుకిలో పొట్లం సినిమా చూస్తూ ఖాళీ చేసేవాడికీ ఓ మాట. వంద గ్రాములకు 560 కేలరీల పైన. గుప్పెడు చాలు.

ఇక అసలు చిక్కు, వండుకోవడానికి పొయ్యి ఏదీ? హాస్టల్ గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ నిషిద్ధ వస్తువు. అందులో గుడ్లు ఉడకబెట్టుకున్న విద్యార్థి వార్డెన్ కంటపడితే నాటుబాంబు దొరికినంత హడావుడి. అదే విద్యార్థి రాత్రి పదకొండింటికి యాప్‌లో బిర్యానీ తెప్పించుకుంటే మెట్ల దాకా దారి చూపించేది కూడా ఆ వార్డెనే. షార్ట్ సర్క్యూట్ భయం నిజమే, కాదనను. అలాగైతే ప్రతి అంతస్తులో ఒక మూల సరైన వైరింగుతో ఇండక్షన్ స్టవ్ ఒకటి పెట్టించండి, పెసలు నానబెట్టుకోవడానికి నాలుగు గిన్నెలు ఉంచండి. తల్లిదండ్రులకూ ఒక మనవి. పిల్లల్ని చేర్పించే ముందు ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడుగుతున్నారు. మెస్సులోకి వెళ్లి పప్పు గుండిగ మూత కూడా ఒకసారి తీసి చూడండి.