జ్వరార్జీకి టీకా తాత్పర్యం

మూలం: "పిటిషనరు తీవ్ర జ్వరపీడితుడై రాలేకున్నందున నేటి గైర్హాజరీని మన్నించవలెనని సవినయ ప్రార్థన. ఈ దయకు పిటిషనరు కృతజ్ఞతాబద్ధుడై సదా ప్రార్థించుచుండును."

అవతారిక: రామనగుడ వైపు నుంచి క్రిమినలు కేసు వాయిదాకు బయల్దేరిన ఒక ముద్దాయి పేర ఆయన వకీలు గుమాస్తా తయారుచేసిన కాగితమిది. అసలు ఇంగ్లీషులో ఉంది. తెలుగు నాది, జ్వరం గుమాస్తాది.

టీక: 'పిటిషనరు', 'సవినయ' సులభాలు, వదిలేస్తున్నాను.

ప్రార్థన: ఇక్కడ ఆగాలి. 'అర్థ' ధాతువుకు అడుక్కోవడమని అర్థం. 'ప్ర' చేరితే గట్టిగా అడుక్కోవడం. ధర్మశాస్త్రాల్లో ఫిర్యాదీ అర్థి, ముద్దాయి ప్రత్యర్థి. ముద్దాయి ప్రార్థిస్తే ప్రత్యర్థే అర్థి అయినట్టు, విరోధాభాసం! అర్జీ కూడా ఈ ధాతువు బిడ్డేనని చాలాకాలం భ్రమపడ్డాను. కాదు, అరబ్బీ. వకాలతునామా సగం అరబ్బీ, సగం పారసీ. ఈ అర్థి-ప్రత్యర్థి వ్యవహారాన్ని తెలుగు చేసిన మహానుభావుడు మూలఘటిక కేతన. 13వ శతాబ్దంలోనే మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యను 'విజ్ఞానేశ్వరీయము'గా పద్యాల్లోకి దించాడు. 'ఆంధ్రభాషాభూషణము' అనే వ్యాకరణమూ ఆయనదే. న్యాయానికీ వ్యాకరణానికీ ఒకే గంటం! ఇక ఆయన్ని అభినవ దండి అని ఎందుకన్నారంటే... ఎక్కడున్నాం? జ్వరం దగ్గర.

జ్వరపీడితుడై: తృతీయా తత్పురుషం. జ్వరం చేత పీడింపబడినవాడు. పదకొండింటికి పేరు పిలిచారు. బస్సు రాలేదు. పన్నెండింటికి ముద్దాయి చంకలో గుడ్డసంచితో, చెమటలు కక్కుతూ వచ్చి గుమాస్తా ముందు నిలబడ్డాడు. నేను పక్క బల్ల మీదే ఉన్నాను.

"ఏటి రాసినారు బాబూ?"

"నీకు జొరమని."

"నాకు నేదు కదా?"

"కాయితానికుంది. ఎల్లు."

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 355వ సెక్షను ప్రకారం, వకీలు ఉంటే ముద్దాయి హాజరును మేజిస్ట్రేటు మినహాయించవచ్చు. కారణం మాత్రం నమోదు చేయాలి. బస్సు రాకపోవడమూ కారణమే. కానీ బస్సుకు సంస్కృతం లేదు, జ్వరానికి ఉంది.

కృతజ్ఞతాబద్ధుడై: ఇదీ తృతీయే, కృతజ్ఞత చేత కట్టబడినవాడు. బెయిలు మీద ఉన్నవాణ్ణి ఇంకెన్నిటితో కడతారు?

సదా ప్రార్థించుచుండును: తద్ధర్మం. అంటే అది వాడి స్వభావమని. ఆ రోజు పోయిన కూలి, బస్సు చార్జీ ఏ విభక్తిలోనూ కనబడవు. కాగితం భాష సంగతీ అంతే. 1936 దాకా ఈ రామనగుడ ప్రాంతం మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లా. తర్వాత ఒడిశా. 1992లో రాయగడ జిల్లా. రాష్ట్రం మారింది, జిల్లా మారింది; ముద్దాయి పేర రాసే కాగితం మాత్రం ఆయనకు తెలిసిన భాషలోకి రాలేదు.

తాత్పర్యం: బస్సు రాలేదు.

గుమాస్తాగారూ, ఇకమీద ఆ ఒక్క ముక్కే రాయండి. దాఖలు చేశాకైనా ఆయన భాషలో ఆయనకు చదివి చెప్పండి. వినయం తగ్గిందని కోర్టు అడిగితే, జామీను నేనుంటాను.