మెల్లో గారూ, రూస్ గారూ

మా అబ్బాయి కొత్తింటికి కౌంటీ వాళ్ల పన్ను బిల్లొచ్చింది. కళ్లజోడు సర్దుకుని చూద్దును కదా, బిల్లా అది? పెళ్లి సరుకుల చీటీ! ఇంటి విలువ మీద 1 శాతం అసలు పన్ను పైన ఉంది. దాని కింద తోక: వీధి దీపాలకింత, పార్కుకింత, వాననీటి కాలవకింత, బడికింత.

"ఇదేంట్రా?" అంటే, "మెల్లో రూస్ నాన్నా, అందరికీ ఉంటుంది" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.

నేను ఇక్కడే కాలిఫోర్నియాలో ఇల్లు కొన్నది 1984లో. కొన్నాళ్లకి మా వీధికి కాలిబాట, దీపాలు వేస్తామని కాగితం పంపారు. దీనివల్ల నీ స్థలానికి ఇంత మేలు, కాబట్టి నీ వాటా ఇంత. సభ పెడితే వెళ్లాను, మూల ఇంటికి ఎక్కువెందుకని పోట్లాడాను కూడా. 30 రోజుల్లో మొత్తం కట్టేస్తే వడ్డీ లేదు. లేదంటే ఆ బాకీ మీద బాండ్లమ్మి, ఏటా కౌంటీ బిల్లులో కలిపి వసూలు చేసుకుంటారు. అప్పంటే నాకు దడ. బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి కట్టేశాను. సిమెంటు ఆరకముందే రోజూ వెళ్లి చూసొచ్చేవాణ్ణి, నా డబ్బు కదా!

మెల్లో రూస్ అంటే ఒకడే అనుకున్నాను. కాదట, ఇద్దరు! సెనేటర్ హెన్రీ మెల్లో, అసెంబ్లీ సభ్యుడు మైక్ రూస్. వాళ్ల పేరు మీదున్న 1982 నాటి చట్టం అది. బిల్లుకి ఈ తోక తగిలించాలంటే ఆ ప్రాంతంలో మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. బాగానే ఉంది. కానీ అక్కడ 12 మంది ఓటర్లయినా లేకపోతే, భూమి ఉన్నవాళ్లే ఎకరానికో ఓటు చొప్పున వేసుకుంటారు. ఖాళీ పొలంలో ఎవరుంటారు, బిల్డరు తప్ప? తనే ఓటేసి, తనే గెలిచి, ఇళ్లమ్ముకుని చక్కాపోయాడు. మావాడు ఇల్లు కొనేటప్పుడు సంతకాల కట్టలో ఈ పన్ను సంగతి చెప్పే నోటీసు మీద కూడా గీకి పారేశాడు.

కట్టడమూ అంతే. డిసెంబరు 10న చెక్కు పట్టుకుని పోస్టాఫీసు లైన్లో నిలబడి, నా కళ్లముందే కవరు మీద ముద్ర కొట్టించుకునేవాణ్ణి. ఆ ముద్ర తేదీయే లెక్క. ఒక్కరోజు దాటితే 10 శాతం జరిమానా. ఏప్రిల్ 10న మళ్లీ అదే తంతు. వీడు కారులో కూర్చుని కార్డుతో కడతాడు. కార్డు రుసుము అదనం. అదేమంటే పాయింట్లొస్తాయట!

"మరి మీ పన్నెంత మావయ్యగారూ?" అంది కోడలు. చెప్పాను. ఆ అమ్మాయి మొహం చూడాలి! 1978లో ప్రొపొజిషన్ 13 అనే పన్ను నిబంధన వచ్చింది. ఇల్లు చేతులు మారేదాకా, పన్నుకి లెక్కేసే విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. అలా రాబడికి గండిపడబట్టే మెల్లో గారూ, రూస్ గారూ అవసరమయ్యారు.

"అంటే మీకు తగ్గింది మేం కడుతున్నామన్నమాట."

కాఫీ చల్లారిపోతోందని లేచాను.

కొత్తిల్లు కొనే తమ్ముళ్లూ, వంటింట్లో గ్రానైటా క్వార్ట్జా అన్నది తర్వాత తేల్చుకుందురు గాని, ముందు ఆ తోక ఎంతో, ఎన్నేళ్లుంటుందో కాగితం మీద రాయించుకోండి.