పాటు వేళ చూసిన కొలను

టోక్యోలోని హామా రిక్యూ తోట గురించి మా బంధువులందరికీ తప్పుడు మాట చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు.

తమ్ముడు టోక్యోలోనే ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు చూడాల్సినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. అసకుసాలో సెన్సోజీ గుడి, 333 మీటర్ల టోక్యో టవర్, 634 మీటర్ల స్కైట్రీ, షింజుకు గ్యోఎన్, హామా రిక్యూ. ఒక్కటీ వదలకూడదని పంతం. అసకుసాలో పడవెక్కితే సుమిదా నది మీదుగా తీసుకొచ్చి ఆ తోటలోని రేవులోనే దింపింది. చుట్టూ అద్దాల మేడలు, మధ్యలో పైన్ చెట్లు, కొలను.

కొలను దగ్గరికి వచ్చేసరికి ఉసూరుమనిపించింది. నీళ్లు బాగా తగ్గిపోయాయి. ఒడ్డు రాళ్లు పైన తెల్లగా, కింద నల్లగా ఉన్నాయి. ఆ నలుపు మీద పాచి, చిన్న చిన్న గుల్లలు. ఇంత పేరున్న తోటను ఇలా వదిలేశారేమిటి అనుకున్నాను.

“కొలను మధ్యలో టీ హౌస్ ఉందక్కా, కాసేపు కూర్చుందాం” అన్నాడు తమ్ముడు.

“టైము లేదురా, ఇంకా టవర్ చూడాలి” అన్నాను.

ఇంటికొచ్చాక అడిగిన వాళ్లందరికీ చెప్పాను, ఆ తోటను సరిగ్గా చూసుకోవడం లేదని. కొన్నాళ్లకు తమ్ముడు ఫొటో పంపాడు. అవే రాళ్లు, అదే ఒడ్డు. నలుపంతా మునిగి, నీళ్లు నిండుగా ఉన్నాయి. వానలు పడ్డాయా అనడిగితే, “కాదక్కా, అది సముద్రపు నీరు” అన్నాడు.

టోక్యో అఖాతంలో నీటిమట్టాన్ని బట్టి తూము తలుపులు తెరుస్తూ మూస్తూ ఉంటారట. పోటుకి కొలను నిండుతుంది, పాటుకి తగ్గుతుంది. సముద్రపు చేపలు అందులో తిరుగుతాయి. నేను నిర్వహణలోపం అనుకున్న ఆ నల్లని చార, పోటు ఎంతవరకు వస్తుందో చూపే గుర్తు.

పుట్టి పెరిగింది కాకినాడలో. ఉప్పుటేరులో నీరు ఎక్కడం, దిగడం రోజూ చూసినదాన్ని. పాటు వేళ పడవలు బురదలో ఒరిగి ఉంటే ఏరు పాడైపోయిందని ఏనాడూ అనలేదు. పరాయి ఊళ్లో అదే సముద్రం అదే పని చేస్తుంటే పోల్చుకోలేకపోయాను. ధ్యాసంతా కాగితం మీదే ఉంది.

1654లో సముద్రాన్ని పూడ్చిన నేల మీద తొకుగావా వంశస్థుడొకరు ఇప్పుడు హామా రిక్యూ ఉన్న చోట భవనం కట్టించుకున్నాడు. ఆ వంశం నుంచి జపాన్‌ను ఏలిన షోగన్లు తర్వాత తోటను తీర్చిదిద్దారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాగా దెబ్బతిన్న ఆ తోటను 1946లో ప్రజలకు తెరిచారు. అలాంటి చోటికి ఫొటోలకు పట్టేంత సమయమే ఇచ్చి, తీర్పు మాత్రం పూర్తిగా చెప్పేశాను.

టోక్యో వెళ్లేవాళ్లకు ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. జాబితాలో సగం కొట్టేయండి. పోటు పాట్ల వేళలు కనుక్కుని హామా రిక్యూకి వెళ్లండి. టీ హౌస్‌లో కూర్చుని, రాళ్ల మీద నీరు కదిలేదాకా ఉండండి.