ఒక్కడు చేసిన సౌండుకి డబ్బులా?

పెళ్లి ముహూర్తాలు మొదలైతే పాల్వంచ నుంచి భద్రాచలం గోదావరి వంతెన దాకా రాత్రిపూట రోడ్డంతా డీజే బండ్లదే. మనిషి ఎత్తు బాక్సులు, వాటి వెనక జనరేటరు, ఆ వెనక తీన్మార్‌కి తయారుగా సగం ఊరు. ఆ బండిలో దేనికెంత అయిందో డీజే తమ్ముడు తడుముకోకుండా చెబుతాడు. బేస్ బాక్సులు ఎక్కడ చేయించాడు, యాంప్లిఫయర్‌కి ఎంత పోశాడు, జనరేటరు గంటకి ఎంత డీజిల్ తాగుతుంది, లైట్లవాళ్లకెంత, డ్రైవరు బత్తా ఎంత, అన్నీ నోటి మీదే ఉంటాయి. మరి ఆ బాక్సుల్లోంచి వచ్చే సౌండుకి ఎంత ఇచ్చావు తమ్మీ అనడిగితే మాత్రం, రాములవారి గుళ్లో గంట మోతకి కూడా టికెట్ పెట్టారా అన్నట్టు చూస్తాడు.

"సౌండుకి పైసలేందన్నా? ల్యాప్‌టాప్‌లనే ఉంటది గదా!"

ఉంటుంది. ఎలా వచ్చి ఉందన్నది వేరే కథ.

ఆ సౌండు పుట్టించే సాఫ్ట్‌వేర్ సింథసైజర్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. కీబోర్డు పెట్టెలో సర్క్యూట్లు చేసే పనిని కంప్యూటరు చేత లెక్కలు కట్టించి చేయించడం. స్వరం పుట్టించేదొకటి, దాన్ని వడగట్టేదొకటి, అది ఎంత వేగంగా లేవాలో, ఎంతసేపు నిలవాలో, ఎలా ఆరిపోవాలో చూసుకునేదొకటి. పాటల సాఫ్ట్‌వేర్‌లో బయటివాళ్లు రాసిన ప్లగిన్లు కూడా నడిచేలా స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1996లో వీఎస్‌టీ అనే ఏర్పాటు తెచ్చింది. 1999లో అందులో వాయిద్యాలకీ చోటు దొరికింది. ఇక అప్పట్నుంచి ఎక్కడెక్కడి కుర్రాళ్లో పగలు ఉద్యోగాలు చేసుకుని, రాత్రుళ్లు కూర్చుని సొంత సింథ్‌లు రాస్తున్నారు. కొందరు ఊరికే ఇస్తారు. కొందరు వెయ్యో రెండు వేలో అడుగుతారు. వాళ్లలా అడగ్గానే మనవాళ్లకి ఎక్కడలేని నాణ్యతా ప్రమాణాలు గుర్తుకొస్తాయి.

"వాడేమన్నా కంపెనీయా అన్నా? ఇంట్ల కూసొని ఒక్కడే చేసిండంట. దానికి పైసలెట్ల పెడతం?"

ఈ మాట ఒక్క డీజేలదే అనుకోకండి. బతుకమ్మ వస్తోందంటే ఖమ్మంలో ఏ సందులో చూసినా పాట రికార్డింగే. మిక్సింగ్ చేసే పెద్దమనిషీ ఇదే అంటాడు. కాకపోతే కాస్త గంభీరంగా అంటాడు: "ప్రొఫెషనల్ కాదండీ, నమ్మలేం." పోనీ కంపెనీ సరుకే కొన్నారా అని వెనక్కి తిరిగి చూస్తే, అక్కడా రసీదు కనిపించదు. అది క్రాక్, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ. కంపెనీదైతే ఖరీదు ఎక్కువ కాబట్టి కొనరు. ఒక్కడు చేసిందైతే కంపెనీది కాదు కాబట్టి కొనరు. రెండు దారులూ చివరికి ఒకే పెన్‌డ్రైవ్ దగ్గర కలుస్తాయి.

ఇంతకీ ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి ఎవరి పుణ్యం? మన జిల్లాలో ఏ డీజే ల్యాప్‌టాప్ తెరిచినా మొదట కనిపించే ఎఫ్ఎల్ స్టూడియో 1997 చివర్లో ఫ్రూటీలూప్స్ అనే పేరుతో పుట్టింది. రాసినవాడు డిడియే డాంబ్రెన్ అనే ఒక్క ప్రోగ్రామర్. మొదట్లో అది నాలుగు చానళ్ల చిన్న డ్రమ్ముల యంత్రం, అంతే. తమ్ముడు బేస్ కోసం ప్రాణం పెట్టే సీరమ్ అనే సింథ్ 2014లో వచ్చింది. దాని వెనక ఉన్నది స్టీవ్ డూడా. అదీ మొదట ఒక మనిషి పనితనమే, అప్పట్లో ధర 189 డాలర్లు. అసలు సింథసైజర్ కుల దేవుడు రాబర్ట్ మూగ్ ఎలా మొదలయ్యాడు? న్యూయార్క్‌లో కుర్రవాడుగా ఉండగానే తండ్రితో కలిసి ఇంట్లో థెరెమిన్లు బిగించి అమ్మాడు. 1964లో సింథసైజర్ తెచ్చేదాకా ఆయనా మన లెక్క ప్రకారం "ఇంట్ల కూసొని చేసినోడే".

అంత దూరం ఎందుకు? రామదాసు కీర్తనలు పాడే భజన బృందం ముందు శ్రుతికి పెట్టుకునే ఎలక్ట్రానిక్ తంబూరా ఉంది కదా. 1979లో బెంగళూరులో దాన్ని తయారుచేసిన జి. రాజ్ నారాయణ్ ఇంజనీరు, పైగా వేణువు వాయించేవాడు. తన శ్రుతి కోసం తానే కష్టపడ్డ మనిషి. ఈయన కంపెనీయా అని అప్పుడెవరూ అడిగినట్టు లేదు. శ్రుతి కలుస్తోందా లేదా అని చూసుకున్నారు.

అయితే ఒక్కడు చేసిన ప్రతిదానికీ దండవేసి దక్షిణ ఇమ్మని నేను అనను. ఈ రంగంలో రంగుపూత దుకాణాలకీ కొదవలేదు. న్యూజిలాండ్ వాసి జెఫ్ మెక్‌క్లింటాక్ సింథ్‌ఎడిట్ అని ఒక పనిముట్టు తయారుచేశాడు. తెరమీద డబ్బాలు లాగి, వాటి మధ్య తీగలు కలిపితే సింథ్ రెడీ, కోడ్ రాయక్కర్లేదు. మంచి ఉద్దేశంతోనే చేశాడు, మంచి సింథ్‌లూ దాంతో వచ్చాయి. వాటి వెంట వరద కూడా వచ్చింది. అవే డబ్బాలు, అవే తీగలు, పైన మాత్రం కొత్త బొమ్మ. చెక్క అంచులు, ఎర్ర లైట్లు, మెరిసే గుండీలు. పేరులో ఒక ఎక్స్, ఒక ప్రో. బొమ్మ గీయడానికి పట్టిన రాత్రుల్లో ఒక్కటి కూడా ధ్వని మీద పెట్టరు. అందులో పాత సరుకు చాలావరకు 32-బిట్‌ది. కొత్త సాఫ్ట్‌వేర్ చాలావరకు వాటిని గడప తొక్కనివ్వదు. చేసినవాడికి ఉత్తరం రాస్తే జవాబుండదు, ఎందుకంటే అతను ఈపాటికి ఇంకో బొమ్మ గీస్తుంటాడు.

దీన్ని పట్టుకోవడానికి సంగీత విద్వాంసుడే కానక్కర్లేదు. సింథ్‌లో రంపపు పళ్లలా ఉండే సా వేవ్ పెట్టండి. కీబోర్డు కుడి చివరి మెట్టు నొక్కి, పిచ్ వీల్‌ని మెల్లగా పైకి తోయండి. స్వరం పైకి పోతుంది. దాని వెనకాల సన్నటి కూతలు కొన్ని కిందికి దిగుతున్నాయా? దిగితే చేతులు కడుక్కోండి. సెకనుకు 44,100 నమూనాలతో నడిచే ధ్వనిలో 22,050 హెర్ట్జ్‌కి పైన దేనికీ చోటు లేదు. అంతకు మించిన పౌనఃపున్యాలు గోడకి కొట్టుకుని వెనక్కి మడతపడి, అపశ్రుతిగా కింద వినిపిస్తాయి. దాన్ని ఆపడమే సింథ్ రాసేవాడి అసలు కష్టం. తర్వాత ఫిల్టర్ గుండీ తిప్పి చూడండి. జిప్ లాగినట్టు చప్పుడొస్తే ఇంకో కష్టం కూడా ఎగ్గొట్టాడన్నమాట. ఈ రెండు పరీక్షలకీ రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. అయినా చేసేవాళ్లు నాకు తగలలేదు. బొమ్మ బాగుందా, ఎవడో పెద్ద మ్యూజిక్ డైరెక్టర్ వాడాడంటున్నారా, ఇంతవరకే విచారణ.

ఊరికే దొరికేవాటి సంగతీ చెప్పాలి. అమ్మేవాడికి నిజమైన పోటీ కంపెనీలు కాదు, వీటిని చేసినవాళ్లు. జపాన్ వాసి ఇచిరో తోడా ఒక్కడే చేసిన సింథ్1 ఇరవై ఏళ్లకు పైగా ఊరికే తిరుగుతోంది. క్లాస్ జొహాన్సన్ తన సర్జ్‌ని 2018లో కోడ్‌తో సహా లోకానికి ఇచ్చేశాడు. మ్యాట్ టైటెల్ 2020లో వైటల్ తెచ్చి, మూలరూపం ఉచితంగా ఇచ్చి, అదనపు సరంజామా కావాలన్నవాళ్లని 80 డాలర్లు అడిగాడు. ఈ మూడూ కలిస్తే బరాత్ ఏం ఖర్మ, సినిమా నేపథ్య సంగీతమే లాగించొచ్చు. కాబట్టి కొత్తగా నేర్చుకునే కుర్రాడికి నా సలహా, ఏదీ కొనకు. క్రాక్ కూడా వద్దు, ఊరికే ఇచ్చేదే దండిగా ఉంది. మరి డబ్బు అడిగేవాడికి ఎప్పుడివ్వాలంటే, పై ముగ్గురి దగ్గరా లేని ధ్వని ఒకటి అతని దగ్గర ఉన్నప్పుడు. తప్పు చూపిస్తే దిద్దేవాడైనప్పుడు. అప్పుడు బేరమాడకుండా ఇవ్వాలి. రెండు వేలంటే జనరేటరు ఒక్క రాత్రి తాగే డీజిల్‌కి అటూ ఇటూ.

ఇక మన అడవి అంచుకి వద్దాం, అసలు వినోదం ఇక్కడే ఉంది. కీబోర్డులకీ ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లకీ టోన్లు అమ్మే వ్యాపారం మన దగ్గర జోరుగానే నడుస్తోంది. వాట్సాప్‌లో డబ్బు పంపితే వాట్సాప్‌లోనే ఫైలు వస్తుంది. వాటి మీద ఈమధ్య ఒక మాట తప్పనిసరైంది, ట్రైబల్. తెరిచి వింటే ఒక్కటే డోలు దెబ్బ. ఫోన్లో రికార్డు చేసింది, వెనక మోటార్ సైకిల్ కూడా వినిపిస్తుంటుంది. ఎన్నిసార్లు కొట్టినా అదే దెబ్బ, అదే బలం, అదే మోటార్ సైకిల్. వరసగా కొడితే డోలులా కాదు, మరమగ్గంలా ఉంటుంది. పద్ధతిగా చేసేవాడైతే ఒక్క దెబ్బని మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా ఎనిమిది బలాల్లో తీస్తాడు. ఒక్కో బలానికి కనీసం ఆరు సార్లు తీస్తాడు, ఏ రెండు దెబ్బలూ ఒకేలా పడకుండా. అంటే ఒక్క దెబ్బకి 48 రికార్డింగులు. అలాంటి మనిషి వెయ్యి రూపాయలు అడిగితే నేను రెండు వేలిస్తాను.

ఆ డోలు కొట్టేవాళ్లెవరో కూడా చూడాలి కదా. పెర్మకోర్ ఆటలో అడవిదున్న కొమ్ముల తలపాగాలు పెట్టుకుని కోయవాళ్లు అడుగు వేస్తూ, తిరుగుతూ కొడతారు. వాళ్ల కథకులైన డోలీలు పడిగె అనే గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ, డోలు వాయిస్తూ గోత్రాల చరిత్ర చెబుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు అలా సమ్మక్క సారలమ్మల కథని కోయ భాషలోనూ తెలుగులోనూ చెప్పిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో పోయారు. ఆయనకి ఏ కంపెనీ ముద్ర ఉంది? మన మిక్సింగ్ పెద్దమనిషి కొలతతో కొలిస్తే రామచంద్రయ్య గారు కూడా "ప్రొఫెషనల్ కాదండీ, నమ్మలేం" ఖాతాలోకే పోతారు. పోయారనే చెప్పాలి. స్టేజీ మీద డోలీకి శాలువా కప్పుతారు, ఫోటో దిగుతారు, బస్సు చార్జీలు చేతిలో పెడతారు. పక్కనే అద్దెకు తెచ్చిన మైకు సెట్టువాడికి మాత్రం బిల్లు ప్రకారం చెల్లింపు.

అదే డోలు దెబ్బ ఫోన్లోకెక్కి, టోన్ ప్యాక్ అయి, 499 రూపాయల ధర తొడుక్కోగానే మన తమ్ముడి నోట ధర్మశాస్త్రం పలుకుతుంది. అతని ప్యాక్‌ని ఎవరో కొని నాలుగు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేశారు. ఇక చూడండి ఆవేశం. "ఎంత కష్టపడ్డనన్నా! రాత్రింబగళ్లు కూసొని చేసిన. ఒక్కణ్నే చేసిన. పైసా ఇయ్యకుండ వాడుకుంటున్నరు, వీళ్లకి మానం ఉందా?"

నిజమే, కష్టమే పాపం. ఎఫ్ఎల్ క్రాక్ దొరకడానికే రెండు రోజులు పట్టి ఉంటుంది.

ఆ దెబ్బ తిన్నాక తమ్ముడు గట్టి కాపలా పెట్టుకున్నాడు. ఇప్పుడతను రీమిక్స్ చేసే ప్రతి పాటలోనూ అర నిమిషానికోసారి పాట మధ్యలో దూరి ఒక గొంతు అతని పేరూ, మండలం పేరూ, ఫోన్ నంబరూ అరుస్తుంది. పల్లవి పూర్తికాకుండానే ఒకసారి, చరణంలో రెండుసార్లు. పాట రాసినవాళ్ల పేరు లేదు, పాడినవాళ్ల పేరు లేదు, డోలు కొట్టినవాళ్ల పేరు అసలే లేదు. ఎవడూ దొంగిలించకుండా అన్నా, అంటాడు. ఆ పేరు అడవి దాకా మోగాలని దానిమీద పొడుగాటి ఎకో వేయించాడు. ఎకో ప్లగిన్ ఎవరిది తమ్మీ అంటే, ఎవరో విదేశీ కుర్రాడు సొంతంగా చేసి పది డాలర్లకి అమ్ముతున్నాడట. క్రాక్ చాలా బాగా పనిచేస్తోందట.