పక్కగీత వెంట: ఒక ఫుట్‌బాల్ ఆత్మకథ

ఈ ఆత్మకథ నిజామాబాద్‌లో ఆడి అరిగిన ఒక ఐదో నంబరు ఫుట్‌బాల్‌ది. శాస్త్రగ్రంథాల మర్యాదను పాటిస్తూ అది తనను 'ఈ బంతి' అనే పేర్కొంటుంది. చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, ఆట మొదలయ్యేటప్పటికి బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలని నియమావళి చెబుతుంది గాని, వానాకాలంలో బోధన్ వైపు నల్లరేగడి జిగురు ఒంటికి పట్టాక ఆ తూకం ఎవరికీ గుర్తుండదు. ఎండాకాలంలో అదే నేల నెర్రెలు విచ్చి, నేరుగా రావలసిన బంతిని అడ్డంగా ఎగరగొడుతుంది.

ఈ బంతికి బాగా తెలిసిన ఆటగాళ్లు వింగర్లు, అంటే టచ్‌లైన్ అనే పక్కగీతను ఆనుకుని పరుగెత్తి, గోల్ ముందున్న తోటివారికి బంతిని అడ్డంగా కొట్టి అందించేవారు. ఆ దెబ్బనే క్రాస్ అంటారు. మంచి వింగర్ బంతిని గట్టిగా తన్నడు. పాదం బయటి అంచుతో చిన్నచిన్నగా తాకుతూ తీసుకుపోయి, ఎదుటి డిఫెండర్ బరువంతా ఒక కాలి మీద పడిన క్షణాన రెండో వైపు నుంచి తప్పించుకుపోతాడు. గోల్ వేసినవాడికి చప్పట్లు, క్రాస్ ఇచ్చినవాడికి ఆయాసం దక్కడం ఈ బంతి దృష్టిలో అన్యాయమే.

1920లో ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో డిక్ కెర్ ఫ్యాక్టరీ మహిళల జట్టులో ఎడమ వింగ్‌లో చేరిన లిల్లీ పార్ ఎంత పేరు తెచ్చుకున్నా, మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాలలో ఆడవాళ్లు ఆడరాదని నిషేధించి, దాదాపు అర్ధశతాబ్దం దానిని కొనసాగించింది; ఆమె బతుకుదెరువు ఆస్పత్రిలో నర్సు ఉద్యోగమే అయింది. బోధన్‌లోనూ చాలా ఇళ్లకు నెలజీతమంటే 1937లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ జీతమే. బంతి తన్నితే, అందులోనూ ఆడపిల్ల తన్నితే, జీతం వస్తుందన్న ఆలోచనకు అక్కడ తావే లేదు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడగా, దేశంలో మహిళల క్లబ్బు జట్ల జాతీయ పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్ 2016-17లో మొదలైంది.

ఆ తొలి తరం క్రీడాకారిణులలో 2001లో పుట్టిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఒకరు. ఆమె పాదం తగిలిందని ఈ బంతి గొప్పలు చెప్పుకోదు. గోకులం కేరళ జట్టుతో 2021-22 లీగ్ గెలిచిన ఆమె, 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరారు. అంటే, ఆడేందుకు యూరప్ క్లబ్బుతో ఒప్పందం కుదుర్చుకున్నారు. తిరిగివచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడగా, 2024-25లో ఆ జట్టు లీగ్ విజేత అయింది, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి మేటి క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌పై 2-1తో గెలిచిన భారత మహిళల జట్టు, అర్హత పోటీల ద్వారా తొలిసారి మహిళల ఆసియా కప్‌కు చేరింది. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్ వేశారు. నిజామాబాద్‌లో ఈ బంతికి మాత్రం బ్లాడర్, అంటే లోపలి రబ్బరు తిత్తి, ఒకసారి మార్చవలసి వచ్చింది. కుట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.