మూడు పాత్రలు, ఒకే చప్పట్లు

మా పడమటి కర్నూలులో కళకు మంచి రోజులొచ్చాయి. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య చిత్రకారుడు, కళాచరిత్రకారుడు, విమర్శకుడు అన్నీ ఒక్క మనిషే. సోమవారం బొమ్మ గీస్తాడు. మంగళవారం దానికి దక్కనీ శైలితో చుట్టరికం కలుపుతాడు. బుధవారం కలం పేరు తగిలించుకుని "అపూర్వం" అని సమీక్ష రాసుకుంటాడు. గురువారం శాలువా. కప్పేవాడు పక్క ఊళ్లో ఇదే పని చేసే పెద్దమనిషి. వచ్చే నెల ఈయన పోయి ఆయనకు కప్పి వస్తాడు.

మూడు పాత్రలూ ఒకరే వేయకూడదని కాదు. 1977లో ఎన్టీఆర్ 'దానవీరశూరకర్ణ'లో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు తానే అయ్యారు. అయినా ఆ కృష్ణుడు మిగతా ఇద్దర్నీ వదల్లేదు, దగ్గరుండి చంపించాడు. మనవాడిలోని విమర్శకుడు మాత్రం చిత్రకారుడి మీద ఈగ వాలనివ్వడు. చరిత్రకారుడు ఇద్దరికీ వంశవృక్షం రాసిపెడతాడు.

ఆ వృక్షానికి వేర్లుండవు. వెతికితే ఊళ్లోనే దొరికేవి. ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ దక్కనీ బొమ్మలు కూడబెట్టాడు. 1688లో కోట మొఘలుల చేతికి చిక్కింది. ఆ బొమ్మల్లో కొన్ని మొఘల్ కొలువులోని బికనీరు రాజు అనూప్ సింగ్ సొత్తయ్యాయి. ఆ రాజు 1698లో ఆదోనిలోనే పోయాడు, బొమ్మలు బికనీరులో మిగిలాయి. వాటి ఆచూకీ మన చరిత్రకారుడు ఒక్కనాడూ అడగలేదు. మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు వీధిలో ఫ్లెక్సీ మాత్రం కట్టించాడు: "దక్కనీ కళకు ఏకైక వారసుడు!"

జగదీశ్ మిట్టల్ కూడా చిత్రకారుడే. శాంతినికేతన్‌లో చదివి, 1951లో హైదరాబాదు చేరి, దక్కనీ చిత్రాలను వెతికి, పోల్చి, వాటి గురించి రాశారు. 1976లో మ్యూజియం పెట్టారు. ఆయనకు పేరొచ్చింది ఇతరుల బొమ్మలను కళ్లు విప్పి చూసినందుకు. మనవాడు అద్దంలోకి తప్ప ఎక్కడికీ చూడడు.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. నేతన్న తెచ్చిన బట్టను సంఘంలో ఇంకొకరు పరిచి, పోగు తెగిందా, అంచు వంకరపోయిందా అని చూశాకే కూలి ఇచ్చేవారు. "నేసిందీ నేనే, సరిచూసిందీ నేనే" అంటే బట్ట వెనక్కి చుట్టి చేతికిచ్చేవారు.

మూడు కుర్చీలూ ఆయనకే ఇద్దాం, ఒక్క షరతు మీద. విమర్శకుడిగా కూర్చున్న రోజు మొదటి సమీక్ష తన బొమ్మ మీదే రాయాలి, సొంత పేరుతో, తప్పులన్నీ ఎంచి. ఆ వారం శాలువా కప్పడానికి ఎవరూ రాకపోతే, బాగా రాసినట్టే.